రథమా? సారథియా?

ఆర్మూరు పేరు విననివారు మీలో కొందఱుండవచ్చును గాని, ఈ ప్రాంతపు పసుపు తమ పోపులపెట్టెలోనికి ఎన్నడును రాలేదని నిశ్చయముగ చెప్పగలవారు అరుదని మా నమ్మకము. మావారి యుద్యోగము కారణముగ మేము పదునాలుగేండ్లుగ ఈ యూర కాపురమున్నాము. మేము చూచిన యీ యూరిని గూర్చియు, ఇచ్చటి యొక పసుపుకళ్లములో నడచిన వాదమును గూర్చియు, ఆ వాదము మా యింటి గౌరవముతో ముడిపడిన విధమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిమి. వాదము మోటారు పందెములను గూర్చినది. పసుపునకును పందెములకును పొత్తేమని శంకింపక కడవఱకు చదువ వేడుచున్నాము.

నిజామాబాదునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది ఆర్మూరు. శ్రీనగరమునుండి కన్యాకుమారి వఱకు పోవు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగిత్యాల మీదుగ తూర్పునకు పోవు 63వ రహదారియు ఈ యూరి యొద్దనే కలిసికొనును. అందుచే రేయింబవళ్లు లారీల చప్పుడు వినబడని గడియ యుండదు. ఊరి ప్రక్కనే సిద్ధులగుట్ట. ఎవరో ఒకదానిపై నొకటి పేర్చి పోయినట్లు నల్లని బండరాళ్లు ఆకసమునకు ఎగబ్రాకియుండును; వాని నడుమ నవనాథ సిద్ధేశ్వరాలయము. క్రొత్తగ వచ్చినవారు ఆ రాళ్లు ఎప్పుడు దొరలి పడునో యని భయపడుదురు. మేమును మొదట భయపడితిమి. ఇప్పుడు సాయంకాలము పెరటిలో నిలువబడి ఆ గుట్టను చూడనిదే మాకు దినము ముగిసినట్లుండదు.

జ్యేష్ఠమున తొలకరికి నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో నుండి, పుష్య మాఘములలో త్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన దుంపను ఆవిరి బాయిలరులలో ఉడుకబెట్టి, కళ్లములో పదునైదు దినముల వఱకు ఎండబెట్టి, తిరుగుడు డ్రమ్ములలో వేసి మెఱుగు పెట్టుదురు. కొమ్మును ఇచ్చట కాడి యనియు, తల్లిదుంపను మండ యనియు అందురు. ఆ దినములలో ఊరి గాలికే పసుపు వాసన. కూలికి పోయి వచ్చిన స్త్రీల అరచేతులు, చీర కుచ్చెళ్లు, పిల్లల చెక్కిళ్లు అన్నియు పచ్చనివే. ఏ పేరంటమునకును పోకుండగనే ఊరంతయు పేరంటమునుండి వచ్చినట్లుండును. ఎండిన సరుకు నిజామాబాదు మార్కెట్ యార్డునకు పోవలెను. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఆ నగరము కేంద్రముగ ప్రారంభమైనది మొదలు, ధర నిలుచునా నిలువదా యనుటయే ఇచ్చటి రైతుల నోట మాట. యార్డునకు సరుకు చేర్చునవి ట్రాక్టరులు. వానిని నడపువారు మా మరిది వంటివారు.

మా అత్తవారి గ్రామము ఆర్మూరునకు రెండు కోసుల దూరము. మావారి తమ్ముడు అచ్చటనే యుండి, ఒక పెద్ద రైతు నొద్ద ట్రాక్టరు నడపుచు జీవించుచుండెను. ఇఱుకు గట్లపై నిండు ట్రాలీని వెనుకకు నడపి వాకిటిలో నిలుపగల నేర్పు అతనిది. "బండి ఏదైననేమి వదినా, చేయి మంచిదై యుండవలెను" అనుట అతనికి ఊతపదము.

క్రిందటి ఏటి ఫాల్గుణమున నలుబది బస్తాల కాడిని ట్రాలీలో వేసికొని అతడు తెల్లవారుజామున నిజామాబాదునకు బయలుదేఱెను. ఊరు దాటిన పిమ్మట కాలువ వంతెనకు ముందు దారి పల్లమునకు దిగును. ఆ దిగుడులో బ్రేకు త్రొక్కగా బండి కుడిప్రక్కకు గుంజుకొని పోయి, ట్రాలీ అడ్డము తిరిగి, కాలువ గట్టుపై ఒరిగిపోయెను. భగవంతుని దయవలన ప్రాణములు దక్కెను. మరిది ముంజేతి యెముక చిట్లెను. పదునెనిమిది బస్తాలు నీటిపాలయ్యెను. తొమ్మిది నెలల కష్టము నీటిలో నానుచుండగ చూచినవారి దుఃఖము మేము చెప్పనేల?

రైతు దుఃఖము న్యాయమైనదే. కాని ఆ దుఃఖములో ఆయన పలికిన మాట యొకటి మా యింటిని పట్టుకొనెను. "ట్రాక్టరు కొని మూడేండ్లే యైనది. దానిలో దోషము లేదు. ఏ బండి యైనను చేయి మంచిదై యుండవలెనని తానే చెప్పుచుండును గదా! చేయి చెడ్డదైనది" అని ఆయన రెండు నెలల జీతము బిగబట్టి, వేఱొకరిని పనిలో పెట్టుకొనెను. ఆ మాట ఆర్మూరు అడ్తి దుకాణముల వఱకు ప్రాకెను. నాలుగు మాసములు మరిదిని పిలిచి స్టీరింగు చేతికిచ్చినవారు లేరు. మా తోడికోడలు పసుపుకూలికి పోయి సంసారము నడపెను. పెద్దపిల్ల బడిరుసుము మేము కట్టితిమి. మరిది మాత్రము నోరు మెదపడు. తన మాటయే తనకు ఎదురు సాక్ష్యమైన మనుష్యుడు ఏమని వాదించును?

ఆ ఊతపదమును అతడు మిక్కిలి గర్వముతో పలికినది హైదరాబాదులో. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీ రెండవ శనివారమగుటచే మావారికి సెలవు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్న మా అన్నగారి కుమారుడు, హుస్సేన్ సాగరము చుట్టు జరుగు ఫార్ములా ఈ పందెమునకు మమ్ములను పిలిచెను. మోటారు పందెము చూచుట గృహస్థురాండ్రకు తగునా యని అత్తగారు సందేహించిరి గాని, మరిదియు తోడు వచ్చుచున్నాడని విని అనుజ్ఞ యిచ్చిరి. చీకటితో ఆర్మూరులో బస్సెక్కి, డిచ్‌పల్లి, ఇందల్వాయి, కామారెడ్డి, రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్ మీదుగ సుమారు 190 కిలోమీటర్లు ప్రయాణించి జూబిలీ బస్ స్టేషనులో దిగితిమి.

మేము ఎఱిగిన నెక్లెసు రోడ్డు ఆ దినము మేము ఎఱుగనిదై యుండెను. దారి కిరుప్రక్కల కాంక్రీటు దిమ్మెలు, వానిపై ఇనుప తెఱలు. పందెపు దారి చుట్టు సుమారు 2.8 కిలోమీటర్లు, పదునెనిమిది మలుపులు. పదునొకండు జట్లు, ఇరువదిరెండు కార్లు. అవి విద్యుచ్ఛక్తితో నడచునవి గనుక చెవులు చిల్లులు పడు మోత లేదు. కొలిమితిత్తి నుండి గాలి బుస్సుమన్నట్లొక ఈల. ఈల విని తల త్రిప్పులోపల కారు లేదు!

మా మేనల్లుడు చెప్పిన విశేషము మాకు ఆసక్తి కలిగించెను. ఆ పందెములో అందఱి చట్రమును ఒక్కటే, బ్యాటరీయు ఒక్కటే, టైరులును ఒక్కటే. మోటారును, దానికి సంబంధించిన యంత్రభాగములును, వానిని శాసించు లెక్కలును మాత్రము ఆయా నిర్మాతల సొంతము. మఱి యొక చిక్కు: శక్తి మితముగ నుండును. ముందుగ పరుగెత్తినవాడు తుదకు చేతు లాడక నిలిచిపోవును. మిగుల పొదుపు చేసినవాడు వెనుకబడును. "నెలాఖరు వఱకు బియ్యము సరిపెట్టుట వంటిదే గదా" అని మేమనగా అందఱును నవ్విరి.

ఆ దినము జాగ్వార్ మోటారు గల కార్లు నాలుగుండెను. జాగ్వార్ జట్టువి రెండు, అదే మోటారును కొని నడపుచున్న ఎన్విజన్ జట్టువి రెండు. ఆ నాలిగింటి గతి వినుడు. మిచ్ ఎవాన్స్ అందఱికంటె ముందు నిలిచి పందెము మొదలిడెను. ఆయన జట్టువాడే యగు సామ్ బర్డ్ మలుపులో వచ్చి ఆయనను గుద్దగా ఇరువురి పందెమును చెడెను. నిక్ కాసిడీ రెండవ వాడుగ వచ్చెను. సెబాస్టియన్ బ్యూమీ మూడవ వాడుగ గీత దాటెను గాని, అనుమతికి మించి శక్తిని వాడెనని శిక్షింపబడి వెనుకకు పోయెను. ఆ స్థానము పోర్షే జట్టులోని ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు దక్కెను. ఒకే మోటారు, నాలుగు చేతులు, నాలుగు ఫలితములు. గెలిచినవాడు డీఎస్ పెన్‌స్కీ జట్టులోని ఫ్రెంచి దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్. తుది చుట్లలో ఆయన బ్యాటరీలో కాసిడీకంటె తక్కువ శక్తి మిగిలియుండెను. అయినను దారి ఇయ్యక, ప్రతి మలుపును కాచుకొని, అర క్షణము లోపలి తేడాతో గెలిచెను.

అప్పుడు మా మరిది లేచి నిలువబడి, "చూచితిరా వదినా! శక్తి తక్కువైనను చేయి గెలిచినది" అనెను. ఆ కన్నుల వెలుగు మాకు ఇప్పటికిని జ్ఞాపకము. 2024 ఫిబ్రవరిలో మరల జరుగవలసిన ఆ పందెము రద్దగుటచే, అట్టి సంతోషము రెండవమారు ప్రాప్తింపలేదు.

ప్రమాదము జరిగిన కొలది దినములకు ఉగాదికి మా మేనల్లుడు వచ్చెను. మా అత్తవారి కొద్దిపాటి పసుపు కళ్లములో ఆరుచుండెను. రాత్రి కావలికి పోయినవారితో మేమును భోజనములు తీసికొని పోయితిమి. చేతికి కట్టుతో మరిది ఒక మూల కూర్చుండెను. ఎట్లు మొదలైనదో గాని, వాదము మరల పందెములపైకి పోయెను. మేనల్లునికి మరిదిని ఓదార్చవలెనని మనసు. అందుచే అతడు గట్టిగ, "మామయ్యా, చేతిలో ఏమియు లేదు. సర్వమును కారులోనే యున్నది" అనెను.

అతడు చెప్పిన దృష్టాంతములు త్రోసివేయదగినవి కావు. జెన్సన్ బటన్ అను ఆంగ్లేయుడు ఫార్ములా వన్ పందెములలో 2008వ సంవత్సరమంతయు హోండా కారు నడపి మూడు పాయింట్లు మాత్రమే సంపాదించెను. ఆ కంపెనీ వైదొలగగా రాస్ బ్రాన్ ఆ జట్టును నిలువబెట్టి, క్రొత్త కారును మెర్సిడెస్ ఇంజనుతో నడపించెను. 2009లో అదే బటన్ మొదటి యేడు పందెములలో ఆరింటిని గెలిచి, ఆ యేటి జగజ్జేత యయ్యెను. ఒక్క శీతకాలములో మనిషి చేతులు మారునా? కారు మారినది.

మఱి యొకటి. జార్జి రస్సెల్ విలియమ్స్ జట్టులో కడపటి వరుసలలో నడచుచుండెడివాడు. 2020 డిసెంబరులో లూయిస్ హామిల్టన్‌కు కోవిడ్ రాగా, బహ్రెయిన్‌లో జరిగిన సాఖిర్ పందెమునకు ఆయన మెర్సిడెస్ కారు రస్సెల్‌కు దొరకెను. కాళ్లు పట్టని కారులో కూర్చుండి, అర్హత పరుగులో మొదటి వానికంటె 0.026 సెకనులు మాత్రమే వెనుకబడెను. పందెములో బహుదూరము అందఱికి ముందుండెను. జట్టువారు టైరులు మార్చుటలో తారుమారు చేసినందునను, పిదప ఒక టైరు గాలి పోయినందునను తొమ్మిదవ స్థానము మాత్రమే దక్కెను. "ఆ వారమునకు ముందు ఆయన చేయి చెడ్డదా? కారు ఇయ్యనిదే చేతిని ఎవరు చూతురు?" అని మేనల్లుడు ప్రశ్నించెను.

మావారు బడిపంతులు గదా, పూర్వపక్షము విని ఊరకుండరు. "1984లో మొనాకోలో వాన కురియుచుండగ, సెన్నా అను బ్రెజిలు దేశపు యువకుడు టోల్‌మన్ అను సామాన్యపు కారులో పదుమూడవ స్థానమునుండి బయలుదేఱి రెండవ స్థానమునకు వచ్చెను. పందెమును ఆపకయున్నచో మొదటివాడగు ప్రోస్ట్‌ను దాటియుండెడివాడని నేటికిని వాదించుచుందురు. వాన అందఱి కార్లను ఒక తీరుకు తెచ్చినప్పుడు చేయి బయటపడినది" అనిరి.

షెఫీల్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆండ్రూ బెల్ మున్నగువారు 1950 మొదలు 2014 వఱకు జరిగిన ఫార్ములా వన్ ఫలితములను గణించి 2016లో ఒక వ్యాసము ప్రకటించిరి. దానిని ఇద్దఱును తమ పక్షమునకే చెప్పుకొనిరి. నడపువానికంటె జట్టు ప్రభావము మిగుల హెచ్చు, ఏండ్లు గడచిన కొలది అది పెరుగుచున్నది అని వారి నిర్ణయము. అది మేనల్లుని పక్షము. వానలోను, నగరవీధులలో జరుగు పందెములలోను జట్టు ప్రభావము తగ్గి, నడపువాని నేర్పునకు చోటు హెచ్చు అనుటయు వారి నిర్ణయమే. అది మావారి పక్షము.

కోయంబత్తూరు వాస్తవ్యుడు నారాయణ్ కార్తికేయన్ ప్రసక్తియు వచ్చెను. ఫార్ములా వన్‌లో నడపిన మొదటి భారతీయుడాయన. 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో నాలుగవ స్థానము పొందెను. ఆ దినము టైరులు అపాయకరములని పదునాలుగు కార్లు వైదొలగగా, నిలిచి పందెమాడినవి ఆరే. జోర్డన్ జట్టులో ఆయనదే యైన కారువంటి కారు నడపిన మాంటీరో మూడవ స్థానము, ఈయన నాలుగవ స్థానము. ముందున్న నలుగురు కాదు, ఇద్దఱే, వారు ఫెరారీవారు. "దీనిని చేతి గెలుపనవలెనా, కారు గెలుపనవలెనా?" యని మరిది ఆ రాత్రి మొదటిమారు నోరు విప్పి అడిగెను. ఇద్దఱును జవాబు చెప్పలేదు.

అప్పుడు మేనల్లుడు మమ్ములను జూచి, "అత్తయ్యా, మీరు తీర్పు చెప్పుడు" అనెను. మాకు యంత్రముల సంగతి తెలియదు. చిన్నతనమున మా తండ్రిగారు ఇంటి యొద్దనే చదివించిన భారతము మాత్రము కొంత తెలియును. ఆ రాత్రి మాకు తోచినది నన్నయభట్టారకుని అరణ్యపర్వములోని నలోపాఖ్యానము.

మీ రెఱిగిన కథయే. దమయంతి రెండవ స్వయంవరమని వార్త విని ఋతుపర్ణ మహారాజు ఒక్క దినములో అయోధ్యనుండి విదర్భకు చేరవలెనని తొందరపడెను. సారథి బాహుకుడు, వికృతరూపముతో నున్న నలుడే అతడు. బాహుకుడు గుఱ్ఱపుసాలలోనికి పోయి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏఱి తెచ్చెను. రాజు చూచి, ఇవి ఇంత దూరము పరుగిడునా యని కోపించెను. ఇవియే పరుగిడునని సారథి చెప్పెను. పరుగిడినవి. జాఱిన యుత్తరీయమును తీసికొందమని రాజు అనులోపల అది యోజనము వెనుకబడెను.

ఈ కథ విని మావారు, "చూచితివా, సారథియే ప్రధానము" అనిరి. మేము కాదంటిమి. సారథి నేర్పు కేవలము పగ్గములు పట్టుటలో లేదు. ఏ గుఱ్ఱము పరుగిడునో, ఏది పరుగిడదో గుర్తించుటలో నున్నది. రాజు పైకండ జూచెను, బాహుకుడు లోబలము జూచెను. వాహనమును ఎఱుగుటయే నేర్పులో సగపాలు. నలుని చేతికి నడువని గుఱ్ఱములనే యిచ్చియుండినచో అతడును విదర్భ చేరియుండడు. కర్ణునికి సారథ్యము చేసినవాడు శల్యుడు. అశ్వవిద్యలో కృష్ణునికి తీసిపోనివాడని పేరు. అయినను చక్రము నేలలో క్రుంగినప్పుడు ఆ విద్య యేమి చేసెను? చక్రము క్రుంగుట శల్యుని తప్పని యెవరును అనలేదు.

కావున రథమెంత దూరము పోగలదో దాని హద్దు రథమే నిర్ణయించును. ఆ హద్దులో ఎంతవఱకు పోవుదుమో సారథి నిర్ణయించును. హద్దు వెలుపలి దానికి సారథిని నిందింపరాదు. హద్దు లోపలి దానిని రథముపై త్రోయరాదు. ఏది లోపలిదో, ఏది వెలుపలిదో తెలియుటెట్లు? మా మేనల్లుడే మఱి యొక దృష్టాంతము చెప్పి మాకు సాయపడెను. 2019లో స్త్రీలకు మాత్రమే డబ్ల్యూ సిరీస్ అను పందెములు ఏర్పడెను. అందు కార్లన్నియు ఒక్క తీరున చేయబడినవి. అంతటితో తృప్తి పడక, మొదటి యేట పందెము పందెమునకు ఎవరి కారు వారికి నిలువకుండ మార్చి ఇచ్చిరి. జేమీ చాడ్విక్ అను ఆంగ్లయువతి ఆ యేడును, 2021, 2022 సంవత్సరములలోను విజేత యయ్యెను. ధనము చాలక ఆ పందెములు పిదప నిలిచిపోయినను, వారు చేసిన పని న్యాయమైనది. రథము నట్లే యుంచి సారథిని మార్చి చూడవలెను.

"అట్లయిన ఆ ట్రాక్టరును వేఱొకరి చేత నడపించి చూడరేల?" అని చీకటిలోనుండి మా తోడికోడలి గొంతు వినవచ్చెను. ఆమె అంతవఱకు కాడిని తిరుగవేయుచుండెను. మగవారి మాటల నడుమ ఆమె మాటాడుట మేము వినుట అదియే మొదలు.

మరునాడు మావారు ఆ రైతు నొద్దకు పోయిరి. ఆయన మొదట వలదనెను. తన ట్రాక్టరులో దోషము లేదని ఆయనకు గట్టి నమ్మకము. ఆ నమ్మకము వల్లనే తుదకు ఒప్పుకొనెను. ముప్పది యేండ్లుగ లారీలు, ట్రాక్టరులు నడపిన యొక వృద్ధుని పిలిపించిరి. ఇరుపక్షములకును ఆయనపై గౌరవము. ట్రాలీలో సగము బరువుకు మట్టి బస్తాలు వేసి, అదే దారిని, అదే దిగుడునకు మెల్లగ నడపించిరి. మేము కాలువ గట్టున రావిచెట్టు క్రింద నిలిచితిమి. తోడికోడలు మా చేయి విడువలేదు.

దిగుడు మధ్యమున బండి కుడిప్రక్కకు గుంజెను. వృద్ధుడు మెల్లగ పోవుచుండెను గనుక నిలువగలిగెను. దిగివచ్చి పెడళ్ల యొద్ద వంగి చూచి, రైతును పిలిచి చూపెను.

ట్రాక్టరునకు వెనుక చక్రములు రెంటికి వేఱువేఱు బ్రేకు పెడళ్లుండునట. దున్నునప్పుడు చాలు చివర మూల తిరుగుటకు ఒక ప్రక్క పెడలు మాత్రమే త్రొక్కుదురు. రహదారిపై పోవునప్పుడు రెంటిని ఒక కొక్కెముతో కలిపి బిగింపవలెను. ఈ బండి కొక్కెము అఱిగియుండెను. బయలుదేఱునప్పుడు బిగించినను గతుకులలో అదురుటచే ఊడిపోవుచుండెను. అప్పుడు కాలు పడినది కుడి పెడలు మీదనే యైనచో కుడి చక్రమే పట్టును, బండి అటు తిరుగును. "నా చేయి ముప్పది యేండ్లది. నన్నును గుంజినది" అని వృద్ధుడు చెప్పెను.

మా ప్రాణములు తేలికపడెను. కాని ఆయన అంతటితో ఆగలేదు. మరిది వైపు తిరిగి, "ట్రాలీకి సొంత బ్రేకు లేదు. నిండు బరువు వెనుకనుండి నెట్టుచుండగ చిన్న గేరులో దిగవలెను. నీవు ఏ గేరులో దిగితివి?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు సాక్షులు లేరు. ఆ తెల్లవారుజామున బండిపై అతడొక్కడే యుండెను. చిన్న గేరులోనే దిగితినని చెప్పినచో కాదనువారు లేరు. మరిది కొంత తడవు నేల చూచి, "పెద్ద గేరులోనే దిగితిని. యార్డులో వరుసకు ముందు చేరవలెనని తొందరపడితిని" అనెను.

రైతు ఆ మాట విని ఏమియు అనలేదు. కొక్కెము మార్పించెను. ఒక నెల జీతము పంపెను, రెండవ నెలది తడిసిన బస్తాల క్రింద ఉంచుకొనెను. చేయి చెడ్డదన్న మాటను మాత్రము వెనుకకు తీసికొనలేదు. ఊరిలో వెళ్లిన మాట వెళ్లినదే; కొక్కెము సంగతి అంత వేగముగ అడ్తి దుకాణములకు ప్రాకలేదు. అయినను వృద్ధుని నోట విన్న యొక చిన్న రైతు ఆషాఢమున మరిదిని పిలిచి తన ట్రాక్టరు ఇచ్చెను. ఇప్పుడతడు ప్రొద్దుట బండి ఎక్కుటకు ముందు వంగి కొక్కెమును చేతితో లాగి చూచును. దారిలో నిలిచినచోటనెల్ల మరల చూచును. "బండి ఏదైననేమి" అను మాట అతని నోట మేము మరల వినలేదు.

సోదరీమణులారా! పందెములలో ఓడినవారికి మరుసటి పందెముండును, జట్టు మారు నవకాశముండును. రోజుకూలివానికి చెడ్డపేరు వచ్చినచో మరుసటి పందెమే యుండదు. అందుచే రథమా సారథియా యను ప్రశ్న వినోదము కొఱకు వాదించునది మాత్రమే కాదు. మన యిండ్లలోను ఇది దినదినము వచ్చును. అన్నము మాడినచో కోడలిని అందుము, అడుగు పలుచనైన గిన్నెను చూడము. పిల్లవాడు తప్పినచో వానిని కొట్టుదుము, వాడు చదువు దీపమెట్టిదో అడుగము. గిన్నె తప్పైనను, నిప్పు హెచ్చు పెట్టిన చేయి తప్పైనను రెంటిని విడివిడిగ చూచి పలుకుట న్యాయము. మంచి జరిగినప్పుడు పొగడ్తను పంచుటకును ఇదియే త్రాసు.

మొన్న మాఘ బహుళములో అత్తవారింట నుండగ రాత్రి ప్రొద్దు పోయినది. మరిది ఇంకను యార్డునుండి రాలేదు. మేమును తోడికోడలును కళ్లములో కాడిపై పట్టలు కప్పుచుంటిమి. ఆ దారిని ఒకే కంపెనీ ట్రాక్టరులు ఒకదాని వెనుక నొకటి పోవుచుండెను. చీకటిలో వెలుగులు తప్ప ఏమియు కానరాదు. ఒక ట్రాక్టరు దిగుడు మొదట చప్పుడు మార్చుకొని, బరువుగ, మెల్లగ దిగుచుండగ విని ఆమె పట్ట కొంగు వదలి లేచెను.

"అక్కా, ఆయన వచ్చుచున్నారు. పొయ్యి రాజేసి వత్తును" అని ఇంటివైపు నడచెను.

కొంతసేపటికి వచ్చినది అతడే.